కావలివాని యెన్నిక

ఇంటికి అల్లుని వెదకునప్పుడు పది యూళ్లు తిరిగి, నడవడి మొదలుకొని నాలుగు తరముల చరిత్ర వఱకు విచారించు మనము, అదే యింటికి కావలివానిని కుదుర్చుకొనునప్పుడు రెండే ప్రశ్నలు వేయుదుము: రాత్రి నిద్రపోకుండ నుండునా? జీత మెంత యడుగును? వాని చేతికి కఱ్ఱ నిచ్చుచున్నాము, తాళము లిచ్చుచున్నాము, పిల్లలు నిద్రించు గది తలుపును వానికే యప్పగించుచున్నాము. ఐనను ఆ కఱ్ఱ యెవరిమీద లేచును, ఎవరిమీద లేవదు అను ప్రశ్న మనకు తోచనే తోచదు. కంచె చేను మేసెనను సామెతను పుట్టించిన జాతివారమై యుండియు, కంచె నాటు దినమున మాత్రము ఆ మాట మఱచిపోవుదుము.

ఈ సంగతిని నేను ఆలోచింపవలసి వచ్చుటకు కారణము అమెరికాలో చదువుకొనుచున్న మా మేనకోడలు వ్రాసిన యొక జాబు. ఆమె చదువు విశ్వవిద్యాలయమున పోలీసు శాఖాధిపతి పదవి ఖాళీ యయ్యెనట. క్రొత్తవాని నెన్నుటకు ఆచార్యులను, ఉద్యోగులను, అధికారులను చేర్చి యొక సంఘము నేర్పఱచి, విద్యార్థుల పక్షమున నిద్దఱకు చోటిచ్చిరి. ఆ యిద్దఱిలో మా పిల్ల యొకతె. "మామయ్యా, కడపట మిగిలిన అభ్యర్థులను తలకొక ప్రశ్న నేనడుగవచ్చునట. మీరైతే ఏమడుగుదురు?" అని ఆమె వ్రాసెను. నేను క్షణమైన ఆలోచింపక, "అందఱిలోను కఠినుడెవ్వడో వానినే యెన్నుకొమ్ము. గ్రంథాలయమునుండి రాత్రి నీవు గదికి నడచు దారిలో అట్టివా డుండవలెను" అని జవాబిచ్చితిని. మఱునాడే తిరుగు జాబు వచ్చెను: "ఆ దారిలో నన్నాపి, నీవెవ్వరవు, ఇచ్చట నీకేమి పని యని యడుగువాడును అతడే గదా, మామయ్యా?" ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఆ పిల్ల ప్రశ్నకు నేను వెదకుకొనిన సమాధానమే యీ వ్యాసము.

ఇది దూరదేశపు గొడవ, మనకేల యని చదువరులు ప్రక్కకు నెట్టవలదు. తెలుగునాట పట్టణములలో పిల్లనో పిల్లవానినో అమెరికాకు చదువునకు పంపని వీధి నేడు అరుదు. వారిని ఆచార్యుల చేతిలో పెట్టితిమని మనము తృప్తి పడుచున్నాము. కాని యచ్చటి పెద్ద విశ్వవిద్యాలయములకు గ్రంథాలయ మెట్లో, ఆటస్థల మెట్లో, పోలీసు ఠాణాయు నట్లే సొంతముగా నుండును. 2011-12 విద్యాసంవత్సరమున అచ్చటి ప్రభుత్వము లెక్క తీయగా, 2,500 మందికి తక్కువ గాక విద్యార్థులు గల నాలుగేండ్ల కళాశాలలలో నూటికి సుమారు 75 చోట్ల ఆయుధములు ధరించిన రక్షకభటు లుండిరి. వానిలో ప్రభుత్వ సంస్థలను మాత్రము తీసికొన్నచో, నగరపు పోలీసులవలె ప్రమాణము చేసి, నిర్బంధించు నధికారమును చట్టరీత్యా పొందినవారు నూటికి 92 చోట్ల నుండిరి. తుపాకి ధరించిన గురుకుల మిది. ఆ తుపాకి యెవరి యాజ్ఞకు లోబడి యున్నదో తెలిసికొనుట మనకు అప్రస్తుతము కాదు.

విద్యాస్థానమునకును దండధారికిని పొత్తు కుదురకపోవుట పాతకథయే. 1200 సంవత్సరమున పారిస్ నగరమున నొక మద్యశాలలో పుట్టిన తగవునందు నగరాధికారి పరివారము విద్యార్థులపై బడి కొందఱిని చంపెను. అంతట రాజగు ఫిలిప్ అగస్టసు, విద్యార్థులను నగరాధికారి చేతినుండి తప్పించి, మతాధికారుల న్యాయస్థానమునకు లోబఱచుచు శాసన మిచ్చెను. అమెరికాలో 1894న యేల్ విశ్వవిద్యాలయమువారు తమ విద్యార్థులకును ఊరివారికిని నడుమ పెరుగుచున్న వైరమును చల్లార్చుటకై న్యూహేవెన్ నగరపు పోలీసులలో నిద్దఱిని తమ యావరణమునకు తెచ్చుకొనిరి. ఆ దేశపు కళాశాలా పోలీసులకు అదియే యారంభమందురు. పట్టుకొనుటకు గాక, మధ్యవర్తులై మెలగుటకు వచ్చిన యిద్దఱు మనుష్యులు! ఈ పుట్టుకను మఱువరాదు.

ఆ యిద్దఱు నేటి సాయుధశాఖ యగుటకు కారణములు రెండు. 1966 ఆగస్టు 1న టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరమున నొకడు విశ్వవిద్యాలయ శిఖరమెక్కి తుపాకితో పదిమందికి పైగా చంపెను. మఱుసటి సంవత్సరమే ఆ రాష్ట్రము విశ్వవిద్యాలయములు సొంత పోలీసులను నియమించుకొనుటకు చట్టము చేసెను. ఇది మొదటిది. 1970 మే 4న ఒహాయో రాష్ట్రపు కెంటు విశ్వవిద్యాలయమున, యుద్ధమును నిరసించుటకు గుమిగూడిన విద్యార్థులపై సైనికదళము పదుమూడు క్షణములసేపు కాల్పులు జరుపగా నలుగురు చనిపోయిరి, తొమ్మండుగురు గాయపడిరి. పది దినములు గడచినంతనే మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్ కళాశాలలో నగరపు పోలీసులును రాష్ట్రపు పోలీసులును నల్లజాతి విద్యార్థుల వసతిగృహముపై కాల్పులు జరుపగా ఇద్దఱు చనిపోయిరి. పిల్లల ముఖ మెఱుగని పరాయిచేయి లోనికి వచ్చుటకంటె, వారి నెఱిగిన సొంతచేయి మేలని పెద్దలకు అప్పుడు తోచెను. ఇది రెండవది. కావున కళాశాలా పోలీసు రెండు భయముల బిడ్డ: హంతకుని భయ మొకటి, సైనికుని భయ మొకటి. అధిపతిని వెదకు ప్రతి సంఘమును ఈ రెంటిలో నొకదానిని తలచుకొని రెండవదానిని మఱచుచుండును. నేను మేనకోడలికి వ్రాసిన మొదటి జాబులో మొదటి భయమే మాటలాడినది.

రెండవ భయము నిజమైన దినమొకటి చూతము. 2011 నవంబరు 18న కాలిఫోర్నియా రాష్ట్రపు డేవిస్ విశ్వవిద్యాలయమున విద్యార్థులు పచ్చికబయలున గుడారములు వేసిరి. రుసుముల పెంపును, ధనికుల యాధిపత్యమును నిరసించుట వారి యుద్దేశము. గుడారములు తీయించుటకు ఛాన్సలరు నిశ్చయించిరి. మధ్యాహ్నమున పోలీసులు దిగిరి. కొందఱు విద్యార్థులు చేతులు పెనవేసికొని కాలిబాటపై కూర్చుండిరి. అప్పు డొక అధికారి, తోటలో పురుగుమందు చల్లు తోటమాలివలె తొందర లేక నడచుచు, కూర్చున్నవారి ముఖములపై మిరపఘాటు ద్రవమును చల్లెను. ఆ దృశ్యమును లోకమంతయు చూచెను. ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానమున పూర్వము న్యాయమూర్తిగా నుండిన క్రూజ్ రెనోసో అధ్యక్షుడుగా విచారణసంఘ మేర్పడి, 2012 ఏప్రిలులో నివేదిక వెలువరించెను. ఈ కార్యమును నివారింప వచ్చెననియు, నివారింపవలసి యుండెననియు ఆ సంఘము తేల్చెను. ప్రయోగించిన సాధనము ఆ శాఖకు అనుమతింపబడినది కాదు; దానిని వాడుటలో భటులకు శిక్షణ లేదు. పట్టపగలు, జనము నిండిన వేళ పోలీసులను దింపుట తగదను సందేహము పోలీసు అధిపతికి కలిగినను, పైవారి యెదుట ఆమె దానిని గట్టిగా నిలువబెట్టలేకపోయెను. క్రింది యధికారులపై ఆమె మాటయు సరిగా సాగలేదు. ఆ నెలలోనే ఆమె పదవిని విడిచెను. ఆ సంవత్సరాంతమునకు లోపలనే విశ్వవిద్యాలయము పది లక్షల డాలర్లతో దావాను పరిష్కరించుకొని, వాదులైన యిరువదియొక్కరికి తలకు ముప్పదివేల చొప్పున నిచ్చెను.

ఈ కథలో రాక్షసు డెవ్వడు? వెదకినచో దొరకడు. పైనున్నవారు ఫలము కోరిరి గాని, అది యే చేతులతో, ఏ సాధనముతో లభించునో అడుగలేదు. నడుమనున్న యామె యెఱిగియుండియు చెప్పవలసినంత చెప్పలేదు. క్రిందనున్నవాడు చేసెను. ముగ్గురిలో నొక్కొక్కరును తప్పు రెండవవారిదని నమ్మి యుండవచ్చును. దౌర్జన్యము తఱచుగా దుష్టహృదయమునందు గాక, ఇద్దఱు మర్యాదస్థుల నడుమనుండు సందులో పుట్టుచున్నది. అధిపతి యనువాడు కూర్చుండునది సరిగా ఆ సందులోనే. అతని పని బలము ప్రయోగించుట కాదు, అధికారి కోరికకును భటుని చేతికిని నడుమ నిలిచి, "ఇది తగునా?" యని యడుగుట. అడుగలేనివాడు ఎంత ధైర్యశాలియైనను ఆ యాసనమున కనర్హుడు.

ఇచ్చట నొక గట్టి యాక్షేపణ గలదు, దానిని దాటిపోరాదు. ఆయుధము గలవాడు తన యంతరాత్మ చెప్పినట్లు నడువవలె నన్నచో, రాజ్యము చట్టమునది గాక సిపాయి యంతరాత్మది యగును. నేడు మంచి పనికి కాదన్నవాడు రేపు చెడ్డపనికి తానై పూనుకొనవచ్చును. కత్తి పట్టినవాడు లేఖిని పట్టినవాని కణగియుండుట నాగరికతకు మొదటి మెట్టు గదా? నిజమే. నేను చాలసేపు ఈ ముడియొద్దనే ఆగిపోతిని. పిమ్మట నాకు తోచిన దిది: చేయి నాపుకొనుటయు, చేయి నెత్తుటయు సమానమైన పనులు కావు. ఆజ్ఞ యున్నను అంతరాత్మ చేతి నాపవచ్చును. ఆజ్ఞ లేక అంతరాత్మ చేతి నెత్తరాదు. కొట్టుమన్నప్పుడు కొట్టనన్నవానివలన నష్టము కలిగినచో దానిని రేపు సవరింపవచ్చును, అతనిని పదవినుండి తొలగింపవచ్చును. కొట్టిన దెబ్బను మాత్రము వెనుకకు తీసికొనలేము.

ఈ సూత్రము దొరకినదని సంతోషించుచుండగానే మఱియొక సంఘటన జ్ఞాపకమునకు వచ్చి నన్ను నిలదీసెను. 2024 ఏప్రిల్ 30 రాత్రి లాస్ ఏంజిలీసు నగరమునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున, పాలస్తీనా పక్షమున గుడారములు వేసికొనిన విద్యార్థులపై ప్రతిపక్షపు మూక కఱ్ఱలతోను బాణసంచాతోను దాడి చేసెను. కొన్ని గంటలసేపు పోలీసులు వారి నడుమకు రాలేదు. ఆ మే నెలలోనే అచ్చటి పోలీసు అధిపతిని ఆ పదవినుండి తప్పించిరి. చేయి నాపుకొనుటయే ధర్మమైనచో, ఆ రాత్రి ధర్మము నిలిచినట్లేనా? కాదని పసివాడును చెప్పగలడు.

కాబట్టి సూత్రమును సవరింపవలెను. అపాయములో నున్న దేమి యని ముందుగా చూడవలెను. మనుష్యుని దేహ మపాయములో నున్నచో, అతడు ఏ పక్షమువాడైనను, ఏ మాట పలికినవాడైనను, కావలివాడు ఆజ్ఞకై యెదురు చూడనక్కఱలేదు. అతనిని కాపాడుటకే అతనికి ఆయుధ మిచ్చితిమి. అపాయములో నున్నది పచ్చికబయలో, నిబంధనయో, సంస్థ ప్రతిష్ఠయో, పెద్దల యభిమానమో యైనచో అతడు నిదానింపవలెను, అడుగవలెను, అవసరమైనచో కాదనవలెను. డేవిస్ నందు పచ్చికను దేహమువలె కాపాడిరి. లాస్ ఏంజిలీసునందు దేహములను పచ్చికవలె విడిచిరి. రెండు తప్పులకును మూల మొక్కటియే: అపాయములో నున్న దేదో తెలియకపోవుట. ఈ తారతమ్యజ్ఞానమునకే మన పూర్వులు వివేకమని పేరు పెట్టిరి.

వివేకమునకు తోడుగా రెండవ గుణమొకటి కావలెను. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమున ఉదయము సుమారు ఏడుంబావుకు వసతిగృహములో నిద్దఱు కాల్పబడిరి. ఇది ఆ యిద్దఱికి సంబంధించిన సొంత కలహమనియు, చేసినవాడు ఆవరణము విడిచిపోయి యుండుననియు పోలీసులు తలంచిరి. విద్యార్థులకు హెచ్చరిక తొమ్మిదిన్నర కావచ్చినప్పుడు గాని వెడలలేదు. మఱికొన్ని నిమిషములకే ఆ హంతకుడు తరగతి గదులలో ముప్పదిమందిని చంపెను. వారిలో మనదేశమునుండి పోయిన ఆచార్యు డొకడును విద్యార్థిని యొకతెయు గలరు. తొలి యూహ తప్పగుట నేరము కాదు. ఎవ్వరి యూహయైనను తప్పవచ్చును. కాని తన యూహ తప్పు కావచ్చునని ముందే యొప్పుకొన్నవాడు, "మాకింకను తెలియదు, జాగ్రత్తగా నుండుడు" అని వెంటనే చాటును. అంతయు తెలిసినట్లు కనబడవలెనను కోరిక అధికారులకు అంటు జాడ్యము. తెలియదని చెప్పగల ధైర్యము కావలివానికి కఱ్ఱకంటె ముఖ్యము.

మూడవ గుణము సత్యము. దానిని నిలుపుకొనుట మిగిలినవానికంటె కష్టము. ఏలన ఇచ్చట యజమానికే అసత్యము లాభకరము. 1986లో పెన్సిల్వేనియా రాష్ట్రపు లీహై విశ్వవిద్యాలయమున జీన్ క్లెరీ యను పందొమ్మిదేండ్ల విద్యార్థిని తన గదిలోనే హతురాలయ్యెను. చంపినవాడు బయటి దొంగ కాడు. ఆ విశ్వవిద్యాలయ విద్యార్థియే. ఆమె తల్లిదండ్రులు ఊరకుండక పోరాడగా 1990లో చట్టము వెలసెను, పిమ్మట దానికి ఆమె పేరు పెట్టబడెను. ప్రతి విద్యాసంస్థయు తన యావరణమున జరిగిన నేరముల లెక్కను ఏటేట ప్రకటింపవలెననియు, అపాయము పొంచియున్నప్పుడు సకాలమున హెచ్చరింపవలెననియు ఆ చట్టము విధించుచున్నది. ఐనను 2024లో లిబర్టీ విశ్వవిద్యాలయము ఈ చట్టమును ఉల్లంఘించినందుకు కోటి నలుబది లక్షల డాలర్ల జరిమానాకు పాత్రమయ్యెను. కారణ మూహింపవచ్చును. నేరముల లెక్క తక్కువగా నున్న కళాశాలకు తల్లిదండ్రులు పిల్లలను పంపుదురు. స్త్రీ యొకతె వచ్చి, "నాతో చదువువాడే నన్ను పాడు చేసెను" అని చెప్పినచో లెక్క పెరుగును. ఆమె నోరు తెఱవకపోయినచో కళాశాలకు మంచి పేరు నిలుచును! ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడని మనవా రన్నది యిందుకే. పట్టరాదని యింటివారే కోరుచుండగా ఈశ్వరు డేమి చేయును? తన శాఖ లెక్క పెరిగినందుకు సిగ్గుపడక, "మాయొద్దకు వచ్చి చెప్పుకొనుటకు జనులు భయపడుట మానిరి" అని సంతోషింపగల యధిపతి కావలెను. అంతకుమించి, అట్టి యధిపతిని సహింపగల యజమానులు కావలెను.

ఇంకొక మాట. కళాశాల గోడకు అవతల నున్నవారును ఈ యెన్నికలో సంబంధము గలవారే. 2015 జూలై 19న సిన్సినాటి విశ్వవిద్యాలయపు పోలీసు ఒకడు, ఆవరణమునకు బయట, కారు ముందుభాగమున సంఖ్యాఫలకము లేదని శామ్యూల్ డ్యుబోస్ అను నల్లజాతివాని నాపి, కొద్ది నిమిషములలోనే తుపాకితో కాల్చి చంపెను. కారు తన్నీడ్చుకొని పోయినందున కాల్చితినని అతడు చెప్పెను. అతడు ధరించిన కెమెరాయే ఆ మాటను ఖండించెను. విచారణ రెండు మారులు జరిగి, జూరీవారి కేకాభిప్రాయము కుదురక, 2017లో అభియోగము విరమింపబడెను. చనిపోయినవాడు విద్యార్థి కాడు. రుసుము కట్టినవాడు కాడు. కాని యా తుపాకి యతనివఱకు పోయినది. ఎంతదూరము కఱ్ఱ సాగునో, కఱ్ఱ పట్టువాని నెన్నుటలో అంతదూరమువారికి మాట యుండవలెను. మన సంఘములో మేము లోపలివారము, వారు బయటివారని గీత గీచి, గీతకవతలివారిపై కావలివానిని ఉసికొల్పు నాచారము ఎంత ప్రాతదో నేను చెప్పనక్కఱలేదు.

ఇక పరీక్షించు టెట్లు? కౌటిల్యుడు అమాత్యులను ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగు వలలు పన్ని రహస్యముగా పరీక్షింపుమనెను. అదే ప్రకరణమున ఆ మహామేధావి, చెడనివానిని పరీక్ష పేరిట చెఱుపుట మంచినీటిలో విషము కలిపినట్లగునని హెచ్చరించెను. మనకు వలలు వలదు. కాని యతడు చూపిన మర్మము విలువైనది: మనుష్యుని గుణము అతడు చెప్పు మాటలలో తెలియదు, ఒత్తిడి కలిగినప్పుడు అతడు చేసిన పనిలో తెలియును. ఎన్నికసంఘముల యెదుట అందఱును శాంతము, సమభావము అను మాటలనే వల్లించుదురు. కావున నీవేమి నమ్ముదువని యడుగుట వృథా, నీవేమి చేసితివని యడుగవలెను. 1829లో లండను పోలీసును నెలకొల్పినప్పుడు రాబర్ట్ పీల్ ఇద్దఱు కమిషనర్లను సమానముగా నియమించెను: వాటర్లూ యుద్ధమున పాల్గొన్న సైనికుడు రోవను ఒకడు, న్యాయవాది మేయను ఒకడు. బలమెఱిగినవాడును, బలమునకు హద్దెఱిగినవాడును ప్రక్కప్రక్కన కూర్చుండిరి. భటులకు సైనికుల యెఱ్ఱరంగు గాక నీలిరంగు దుస్తులిచ్చి, నేరము జరుగకుండ నాపుటయే ప్రథమ ధర్మమని బోధించిరి. ఆ దొరల ప్రభుత్వమే మన మద్రాసు రాజధానికి 1859లోను, తిరుగుబాటు చల్లారిన పిమ్మట 1861లో దేశమునకును ఇచ్చిన పోలీసు చట్టములలో ఆ న్యాయవాది కనబడడు; కలెక్టరుదొర చేతికఱ్ఱయే కనబడును. 2006లో ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున మన సుప్రీంకోర్టు, రాష్ట్ర పోలీసు అధిపతికి కనీసము రెండేండ్ల స్థిరత్వ ముండవలెననియు, సీనియరులైన ముగ్గురి పట్టికనుండియే ఎన్నవలెననియు శాసింపవలసి వచ్చెను. కాదనిన మఱునాడే బదిలీ యగువాడు కాదనలేడు గదా!

ఇంత యాలోచించి మేనకోడలికి ఇట్లు వ్రాసితిని: "అమ్మాయీ, నా మొదటి జాబును చింపివేయుము. వారిని ఒక్కటే యడుగుము: 'మీరు పొరపడిన దినమొకటి చెప్పుడు. ఆ సంగతిని ముందుగా ఎవరికి చెప్పితిరి?' పొరపాటే లేదన్నవానిని వదలిపెట్టుము. తన్ను తా నెఱుగడు. పైవారికి మాత్రమే చెప్పితినన్నవాడు తన పదవిని కాపాడుకొన్నవాడు. ఎవరికి కీడు జరిగెనో వారికి ముందుగా చెప్పితినన్నవాడు దొరకినచో, అతడు ముసలివాడైనను, పొట్టివాడైనను, ఆడుదైనను, ఆ తాళములు ఆ చేతి కిమ్ము."

ఈ జాబు పంపిన సాయంకాలమే ఆ ప్రశ్న తిరిగి నాపై బడెను. చాల యేండ్ల క్రింద నేనొక కళాశాలలో వసతిగృహ పర్యవేక్షకుడను. ఒకరాత్రి ఒక పిల్లవాని డబ్బు పోయినది. కావలివానిని పిలిచి గదులు వెదకుమంటిని. "అన్ని గదులునా, అయ్యా?" అని అతడడిగెను. "ముందు ఆ చివరి వరుస చూడుము" అంటిని. ఆ వరుసలో నుండినవారు ప్రభుత్వపు ఉపకారవేతనముతో చదువు బీదపిల్లలు. కావలివాడు ఒక్కమారు నా ముఖము చూచి, తల వంచుకొని పోయెను. వారి పెట్టెలన్నియు వరండాలో బోర్లించిరి. చిరిగిన బట్టలు, తల్లులు కట్టి పంపిన అటుకులు, ఎవరివో ఉత్తరములు అందఱి కన్నులయెదుట నేలపై బడినవి. డబ్బు దొరకలేదు. రెండు దినముల పిమ్మట పోగొట్టుకొన్నవాని పుస్తకములోనే దొరకినది. నేను ఆ పిల్లలకు ఏమియు చెప్పలేదు. పైవారికి "వెదకించితిమి, దొరకినది" అని వ్రాసితిని. ఆ వాక్యములో అబద్ధము లేదు.

ఆ కావలివాడు అడుగవలసిన ప్రశ్న నడిగెను. వివేక మతనియొద్ద నుండెను. కఱ్ఱను నడపిన చేయి నాది. అతడు కాదనియుండినచో నేనేమి చేసియుందును? మఱునాడే వానిని పనినుండి తీసివేసి యుందును. అవిధేయుడని వ్రాసియు నుందును. కాబట్టి మంచి కావలివాడు దొరకడని వగచుటకు ముందు, దొరకినవానిని నిలువనిచ్చు యజమానులమా మనము అని యడుగుకొనవలెను. ఎన్నికలో పరీక్షింపబడువాడు అభ్యర్థి యొక్కడే కాడు.

మన కళాశాలలలో కావలివారిని నేటికిని చాలచోట్ల తక్కువ కూలికి ఒప్పుకొన్న గుత్తేదారుచేత తెప్పించుచున్నారు. వారికి మనమిచ్చు ఆజ్ఞ లేమి? బాలికల వసతిగృహమునకు చీకటి పడకముందే తాళము వేయుము. ఆలస్యముగా వచ్చినదాని పేరు వ్రాసికొనుము. 2015లో ఢిల్లీలో పంజరము పగులగొట్టుడని లేచిన విద్యార్థినులు అడిగినది యిదియే: ఇది మమ్ము కాపాడుటయా, మమ్ము బంధించుటయా? ఆ ప్రశ్న నడుగుటకు మన సంఘములలో ఒక విద్యార్థినికైన చోటిచ్చితిమా? అమెరికాలో మా మేనకోడలికి దొరకిన ఆ యొక్క కుర్చీ యిచ్చట మన కూతుండ్ర కెప్పుడు దొరకును?

ఆ చివరి వరుసలోని పిల్లలు ఇప్పుడెచ్చట నున్నారో నేనెఱుగను. వారిలో నెవ్వరైన ఈ పత్రికను చదువుదురేమో. తప్పు నాదే, నాయనలారా. ఆనాడే మీకు చెప్పవలసినది.